ముందు బ్రేకును వదులు చేయించకండి: సైకిలు బ్రేకులపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

నగరంలో సైకిలు తొక్కేవారి సందేహాలు పంపమని కోరినప్పుడు గేర్ల గురించి, టైర్ల గురించి ఎక్కువ ఉత్తరాలు వస్తాయని అనుకున్నాము. వచ్చిన వాటిలో సగానికి పైగా బ్రేకుల గురించే ఉన్నాయి. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయించాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట అందులో వివరంగా ఉన్న ఉత్తరాన్ని ఎంచుకున్నాము.

ప్రశ్న: కూకట్‌పల్లి నుంచి మాదాపూర్‌లోని ఆఫీసుకు సైకిలు మీద వెళ్లాలని నిర్ణయించుకున్నాను. రానూపోనూ రోజుకు సుమారు 18 కిలోమీటర్లు అవుతుంది. దుకాణంలో ఇంచుమించు ఒకే ధరకు రెండు సైకిళ్లు చూపించారు. ఒకదానికి వి-బ్రేకులు ఉన్నాయి, రెండోదానికి రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు ఉన్నాయి. డిస్కు అయితే మోటారు సైకిలులాగా పట్టేస్తుందని, అదే తీసుకోమని దుకాణదారు గట్టిగా చెబుతున్నారు. వానాకాలంలో కూడా మానకుండా తొక్కాలని నా కోరిక. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ఈ రెండు బ్రేకులూ ఎలా పనిచేస్తాయో తెలిస్తే మీ ఎంపిక సగం తేలిపోతుంది. వి-బ్రేకులో ఫోర్కుకు, అంటే చక్రాన్ని రెండు వైపులా పట్టి ఉంచే కడ్డీలకు, అటూ ఇటూ నిలువుగా రెండు పొడవాటి చేతులు ఉంటాయి. లీవరు నొక్కగానే వైరు ఆ రెంటినీ దగ్గరికి లాగుతుంది, అప్పుడు వాటికి బిగించిన రబ్బర్లు రిమ్ము పక్కగోడలను రెండు వైపుల నుంచీ ఒత్తి పడతాయి. షిమానో కంపెనీ 1996లో ఈ బ్రేకును తెచ్చిన తర్వాత కొద్ది కాలంలోనే ఇది మౌంటెన్ సైకిళ్లలో పాత క్యాంటిలీవర్ బ్రేకుల స్థానాన్ని తీసుకుంది. డిస్కు బ్రేకుకు రిమ్ముతో పని లేదు. చక్రం నడుమ హబ్బుకు బిగించిన పలుచని ఉక్కు పళ్లేన్ని క్యాలిపర్ అనే పట్టుకారులాంటి భాగంలోని రెండు ప్యాడ్లు పట్టుకుంటాయి. ఆ ప్యాడ్లను వైరు కదిలిస్తే అది మెకానికల్ డిస్కు, గొట్టంలోని నూనె ఒత్తిడి కదిలిస్తే అది హైడ్రాలిక్ డిస్కు.

పొడి రోడ్డు మీద, సరిగా బిగించిన వి-బ్రేకుకు చక్రాన్ని పూర్తిగా ఆపేసేంత బలం ఉంటుంది. అంతకు మించి బలం ఉన్నా మీరు ఇంకా తక్కువ దూరంలో ఆగలేరు, ఎందుకంటే అక్కడి నుంచి హద్దు బ్రేకుది కాదు, రోడ్డును పట్టుకునే టైరుది, సైకిలు మీద మీ శరీరం బరువు ఉన్న చోటుది. కాబట్టి ఎండాకాలంలో ఈ రెంటి మధ్య ఆగే దూరంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. తేడా వానలో కనిపిస్తుంది. రిమ్ము రోడ్డుకు అతి దగ్గరగా తిరుగుతుంది, గుంటలోని నీళ్లన్నీ ముందుగా తడిపేది దాన్నే. రబ్బరు రిమ్మును పట్టుకోవాలంటే ముందు ఆ నీటి పొరను తుడిచెయ్యాలి. 26 అంగుళాల చక్రం ఒక్క చుట్టు తిరిగితే సైకిలు రెండు మీటర్లకు పైగా ముందుకు పోతుంది. నీరు తుడుచుకుపోవడానికి మూడు చుట్లు పట్టిందనుకుంటే, బ్రేకు పట్టడం మొదలయ్యేలోపే ఆరు మీటర్లు దాటిపోతాము. కళ్లముందు ఆటో ఆగినప్పుడు ఆ ఆరు మీటర్లే మన ప్రాణం. డిస్కు పళ్లెం హబ్బు దగ్గర ఎత్తులో ఉంటుంది, ప్యాడ్లు దానికి వెంట్రుకవాసి దూరంలో ఉంటాయి, పైగా పళ్లేనికి ఉన్న కంతలు నీటిని తుడిచేస్తాయి. అందుకే తడిలో కూడా అది లీవరు నొక్కిన వెంటనే పనిచేస్తుంది.

ఇంతవరకు వింటే డిస్కునే తీసుకోమంటాననిపిస్తుంది. హైడ్రాలిక్ డిస్కు మీకు అందుబాటు ధరలో ఉంటే సందేహం లేకుండా అదే తీసుకోండి. అయితే వి-బ్రేకు సైకిలుతో సమానమైన ధరకు అమ్మే సైకిలుకు ఉండేది సాధారణంగా చవకరకం మెకానికల్ డిస్కు. అందులో ఒక వైపు ప్యాడు మాత్రమే కదులుతుంది. అది పళ్లేన్ని కాస్త వంచి, కదలని రెండో ప్యాడుకు ఆనించి పట్టుకుంటుంది. లీవరు మెత్తగా, స్పాంజిని నొక్కినట్టు ఉండటానికి కారణం తరచుగా ఇదే. పైగా ఆ ధరలో డిస్కు ఇవ్వడం కోసం తయారీదారు రిమ్ములోనో హబ్బులోనో ఎక్కడో ఒకచోట పొదుపు చేసి ఉంటాడు.

కాబట్టి పేరు చూసి నిర్ణయించకండి, దుకాణంలోనే నాలుగు నిమిషాలు పరీక్షించండి. ఒక చిన్న అయస్కాంతాన్ని వెంట తీసుకెళ్లి వి-బ్రేకు సైకిలు రిమ్ముకు తాకించండి. అంటుకుంటే అది ఉక్కు రిమ్ము, మెరుపు ఎంత బాగున్నా వానలో దాన్ని నమ్మకూడదు. అంటుకోకపోతే అల్యూమినియం రిమ్ము, అది తడిలో కూడా చాలావరకు పట్టు నిలుపుకుంటుంది. డిస్కు సైకిలు అయితే చక్రాన్ని గాలిలోకి ఎత్తి తిప్పి, పళ్లెం ప్యాడ్లకు ఎక్కడైనా రాసుకుంటోందేమో చెవి పెట్టి వినండి. తర్వాత లీవరును పూర్తిగా నొక్కండి. హ్యాండిల్‌కు సగం దూరం చేరేలోపు గట్టిగా పట్టాలి, హ్యాండిల్‌ను తాకేదాకా వస్తే ఆ బ్రేకు వద్దు. ఈ పరీక్షలో డిస్కు సైకిలు నెగ్గితే, వారానికి ఒకసారి దాన్ని సరిచూసుకునే ఓపిక మీకు ఉంటే అది తీసుకోండి. ఏ మాత్రం అనుమానం ఉన్నా అల్యూమినియం రిమ్ములున్న వి-బ్రేకు సైకిలు తీసుకొని, కంపెనీ వేసిన రబ్బర్లు తీసేయించి మంచి రకం రబ్బర్లు వేయించుకోండి. ఆ ధరలో నా ఓటు దీనికే. కూకట్‌పల్లిలోనే కాదు, ఏ ఊళ్లోనైనా ఏ సైకిలు మెకానిక్కు అయినా దాన్ని పది నిమిషాల్లో సరిచేయగలరు.

ఒక విషయం ముందే తెలుసుకోవాలి. ఇప్పుడు వి-బ్రేకు తీసుకొని తర్వాత డిస్కు పెట్టించుకుందాం అనుకుంటే, ఫ్రేముకూ ఫోర్కుకూ క్యాలిపర్ బిగించే చోటు, హబ్బుకు పళ్లెం బిగించే చోటు ముందే ఉండాలి. అవి లేని సైకిలుకు వెల్డింగు చేసి పెడతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పాత ఫోర్కు ఆ ఒత్తిడిని తట్టుకునేలా తయారైనది కాదు.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు, బడికి సైకిలు మీద వెళతాడు. ముందు బ్రేకు గట్టిగా పడితే పిల్లవాడు తలకిందులుగా పడిపోతాడని భయపడి, మెకానిక్కు సలహా మీద దాన్ని వదులు చేయించాను. ఇప్పుడు వెనక బ్రేకుతోనే నడుపుతున్నాడు. మొన్న దిగుడులో సైకిలు పక్కకు జారి మోచేయి గీరుకుపోయింది. నేను చేసింది తప్పా?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీరు బిడ్డ మీద ప్రేమతో చేశారు, మన ఊళ్లలో ఎంతోమంది తల్లిదండ్రులు, మెకానిక్కులు కూడా ఇదే నమ్ముతారు. అయినా ఇది తప్పే. దయచేసి ఈ ఉత్తరం చదివిన రోజే ఆ బ్రేకును మళ్లీ బిగించండి.

సైకిలు వేగం తగ్గుతున్నప్పుడు దాని బరువూ తొక్కేవారి బరువూ ముందు చక్రం మీదికి వాలుతాయి. బస్సులో నిలబడి ఉన్నప్పుడు డ్రైవరు బ్రేకు వేస్తే మనం ముందుకు తూలినట్టే ఇది. ఆ క్షణంలో వెనక చక్రం మీద బరువు తగ్గిపోతుంది, బరువు లేని టైరుకు రోడ్డు మీద పట్టు ఉండదు. అప్పుడు వెనక బ్రేకును ఎంత గట్టిగా పట్టినా చక్రం తిరగడం మానేసి ఈడ్చుకుపోతుంది, సైకిలు ఆగదు. ఈడ్చుకుపోయే చక్రం దిగుడులో పక్కకు తిరుగుతుంది. మీ అబ్బాయి మోచేయి గీరుకుపోయింది బహుశా ఇలాగే.

లెక్క చూడండి. మామూలు సైకిలు మీద నిటారుగా కూర్చున్న మనిషి, పొడి తారు రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళుతూ వెనక బ్రేకు ఒక్కటే పడితే ఆగడానికి సుమారు ఆరు మీటర్లు పడుతుంది. ముందు బ్రేకును కూడా కలిపి చక్కగా పడితే సుమారు మూడు మీటర్లు చాలు. వేగం 25 అయితే ఈ అంకెలు దాదాపు పది మీటర్లు, అయిదు మీటర్లు అవుతాయి. అపాయాన్ని చూసి చేయి లీవరు మీదికి వెళ్లడానికి పట్టే ఒక సెకనులో సైకిలు ముందే అయిదారు మీటర్లు వెళ్లిపోయి ఉంటుంది, కాబట్టి ఆ తర్వాతి దూరాన్ని సగానికి తగ్గించగలిగే బ్రేకును చేతులారా వదులుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

తలకిందులు కావడం అనే భయంలో నిజం లేకపోలేదు. చేతులు సడలించి కూర్చొని, బెదిరిపోయి, ముందు లీవరును ఒక్కసారిగా గట్టిగా లాగేస్తే సైకిలు ఆగినా శరీరం ఆగక హ్యాండిల్ మీదుగా ముందుకు పోతుంది. దీనికి మందు బ్రేకును తీసేయడం కాదు, దాన్ని పట్టడం నేర్పడం. ఒక ఆదివారం ఉదయం ఖాళీ మైదానానికి తీసుకెళ్లండి. నెమ్మదిగా తొక్కుతూ, ఒక గీత దగ్గరికి రాగానే రెండు లీవర్లనూ కలిపి, పండును పిండినట్టు క్రమంగా నొక్కమనండి. అదే సమయంలో నడుమును సీటు వెనక్కు జరిపి, చేతులు చాచి, పాదాల బరువును పెడళ్ల మీద నిలపమనండి. ఇరవై ముప్పై సార్లు చేశాక కాస్త వేగం పెంచమనండి. ఎప్పుడైనా వెనక చక్రం జారుతున్నట్టు అనిపిస్తే అది ముందు బ్రేకును కొంచెం వదలమని సైకిలు చెబుతున్న మాట. రెండు మూడు వారాల్లో ఈ సంగతి పిల్లవాడి ఒంటికి పట్టేస్తుంది, ఆ తర్వాత ఆలోచించే పని ఉండదు.

ముందు బ్రేకును తేలిగ్గా వదలవలసిన చోట్లు కూడా చెప్పండి. మలుపులో సైకిలు వంగి ఉన్నప్పుడు, ఇసుక మీద, తడిసిన మ్యాన్‌హోల్ మూత మీద, జీబ్రా గీతల రంగు మీద ముందు చక్రం జారితే తమాయించుకోవడం పెద్దవాళ్లకే కష్టం. వేగాన్ని మలుపుకు ముందే తగ్గించుకొని, మలుపులో బ్రేకు పట్టకుండా తిరగాలి. తొలకరి మొదటి అరగంట మరీ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, నూనె ఆ చినుకులకు బంకలా తేలుతాయి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. పిల్లల వేళ్లు పొట్టివి, లీవరు హ్యాండిల్‌కు దూరంగా ఉంటే వేళ్ల కొసలతోనే పట్టుకుంటారు, దాంతో బలం అందదు. చాలా లీవర్లకు లోపలివైపు ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని బిగిస్తే లీవరు హ్యాండిల్ దగ్గరికి వస్తుంది. మీ అబ్బాయి చూపుడు వేలు, మధ్య వేలు రెండో కణుపు దాకా లీవరు మీద సౌకర్యంగా కూర్చునేలా దాన్ని సరిచేయించండి.

మీది విశాఖ కాబట్టి వైరు గురించి కూడా చెప్పాలి. సముద్రపు గాలికి మామూలు ఉక్కు వైరు తొందరగా తుప్పు పడుతుంది, తొడుగులో బిగుసుకుపోయి లీవరు వదిలాక కూడా వెనక్కి రాదు. స్టెయిన్‌లెస్ వైరు వేయించండి, ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది. నెలకు ఒకసారి లీవరును నొక్కి పట్టి, వైరు గుండు కూర్చునే చోట టార్చి వేసి చూడండి. అక్కడ ఒక్క పోగు తెగి ముల్లులా బయటికి వచ్చినా వైరు మార్చవలసిందే, మిగతా పోగులు ఎంత గట్టిగా కనిపించినా సరే. ఇక పిల్లవాడు స్నేహితులతో కైలాసగిరి, సింహాచలం ఘాటు రోడ్ల మీదికి వెళ్లే వయసు వచ్చేసరికి, పొడవైన దిగుడులో బ్రేకును అదేపనిగా ఆనించి ఉంచకూడదని, గట్టిగా పట్టి వేగం బాగా తగ్గించి మళ్లీ వదులుతూ ఉండాలని చెప్పండి. ఎడతెగకుండా రాసుకుంటే రిమ్ము కాలిపోయేంత వేడెక్కి ట్యూబు పగిలే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మా నాన్నగారికి 70 ఏళ్లు దాటాయి. పాత 28 అంగుళాల నల్ల సైకిలు మీదే రైతు బజారుకు వెళ్లివస్తారు. దానికి వైరు లేని కడ్డీల బ్రేకులు ఉన్నాయి. ఎండలో బాగానే ఆగుతుంది గానీ వాన పడితే అసలు ఆగడం లేదు. రబ్బర్లు మార్చినా ఫలితం లేదు. ఆ సైకిలును వదలడానికి ఆయన ఒప్పుకోవడం లేదు.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ నాన్నగారి మమకారాన్ని అర్థం చేసుకోగలను. ఆ బ్రేకుకు ఉన్న మంచి గుణాలు ముందు చెప్పాలి. అందులో తెగిపోవడానికి వైరు లేదు. రబ్బర్లు రిమ్ము పక్కగోడలకు కాకుండా హబ్బు వైపు ఉండే లోపలి తలానికి కింది నుంచి పైకి ఆనుతాయి, కాబట్టి చక్రం కాస్త పక్కలకు ఊగినా బ్రేకు పాడవదు. బియ్యం బస్తాలు, పాల క్యాన్లు మోసిన ఆ సైకిళ్లకు అది తగిన ఏర్పాటే.

అయితే దాని రిమ్ము ఉక్కుది, పైన క్రోమియం పూత ఉంటుంది. అద్దంలాంటి ఆ పూత మీద నీటి పొర నిలిస్తే రబ్బరు జారిపోతుంది. ఇది రబ్బరు లోపం కాదు, అందుకే ఎన్నిసార్లు రబ్బర్లు మార్చినా మీకు తేడా కనిపించలేదు. వానలో ఆ బ్రేకు పట్టులో చాలా భాగం పోతుంది, దాన్ని పూర్తిగా తిరిగి తేగలిగే మరమ్మతు ఏదీ లేదు.

ఆ సైకిలు రిమ్ముకు చదునైన పక్కగోడలు ఉండవు, కాబట్టి వి-బ్రేకుగానీ, రిమ్మును రెండు పక్కల నుంచీ పట్టే మామూలు క్యాలిపర్ బ్రేకుగానీ (ఇది డిస్కు క్యాలిపర్ కాదు) దానికి బిగించలేము. ముందు చక్రాన్ని విప్పి, డ్రమ్ము బ్రేకున్న హబ్బుతో మళ్లీ పుల్లలు అల్లించడం ఒక మార్గం. డ్రమ్ము బ్రేకు మూసిన డబ్బా లోపల పనిచేస్తుంది, వానకు దానితో సంబంధం లేదు. వానలు ఎక్కువగా పడే నెదర్లాండ్స్‌లో ఊళ్లలో తిరిగే సైకిళ్లకు ఇటువంటి హబ్బు బ్రేకులు, పెడలు వెనక్కి తొక్కితే పట్టే బ్రేకులు ఎప్పటినుంచో వాడుకలో ఉన్నాయి. కానీ అటువంటి హబ్బు మన ఊరి దుకాణాల్లో వెతికి సంపాదించడం, అది ఫోర్కుకు సరిగా కూర్చునేలా చేయించడం పెద్ద పని. అంత ఖర్చు పెట్టే బదులు, అల్యూమినియం రిమ్ములు, క్యాలిపర్ బ్రేకులు ఉన్న ఒక తేలికపాటి సైకిలును వానాకాలానికని విడిగా కొనివ్వడమే మంచిదని నా అభిప్రాయం. పాత సైకిలును వదలమని అడగవద్దు, వాన రోజుల్లో దానికి విశ్రాంతి ఇవ్వమని అడగండి.

అప్పటివరకు కడ్డీల కీళ్లలో ఉన్న మరలన్నిటినీ బిగించండి, ఎందుకంటే ఒక్కొక్క కీలులో ఉన్న కొద్దిపాటి వదులు కలిసి లీవరు ప్రయాణం సగం తినేస్తుంది. కీళ్లలో ఒక్కొక్క చుక్క నూనె చాలు, అది రిమ్ము మీదికి కారకూడదు. వానలో బయలుదేరక తప్పకపోతే, ఆగవలసిన చోటుకు చాలా ముందు నుంచే బ్రేకును తేలిగ్గా ఆనించి రిమ్మును తుడుస్తూ వెళ్లమని, జనం ఉన్నచోట దిగి నడిపించుకుంటూ వెళ్లమని చెప్పండి.

ప్రశ్న: నా సైకిలుకు డిస్కు బ్రేకులు ఉన్నాయి. నీళ్లతో కడిగి, చైనుకు స్ప్రే నూనె కొట్టిన మర్నాటి నుంచి వెనక బ్రేకు కీచుమని అరుస్తోంది, పట్టడం కూడా తగ్గింది. ఇంకొంచెం నూనె కొడితే శబ్దం పోతుందని స్నేహితుడు అంటున్నాడు.
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఆ పని మాత్రం చేయకండి. స్ప్రే నూనె తుంపర గాలిలో తేలి డిస్కు పళ్లెం మీద పడింది, అక్కడి నుంచి ప్యాడ్లలోకి ఇంకింది. ముందు పళ్లేన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, శుభ్రమైన గుడ్డతో గుడ్డ నల్లబడటం ఆగేదాకా తుడవండి. ప్యాడ్లను బయటికి తీసి చూడండి. మామూలుగా బూడిద రంగులో మాసినట్టు ఉండవలసిన తలం నల్లగా నిగనిగలాడుతుంటే నూనె ఇంకినట్టే. గరుకు కాగితంతో పై పొరను రుద్ది చూడవచ్చు గానీ, నూనె లోతుగా వెళ్లిన ప్యాడు తిరిగి బాగుపడటం అరుదు, కొత్తవి వేయడమే క్షేమం. కొత్త ప్యాడ్లు వేసిన మొదటి రోజే పూర్తిగా పట్టవు. ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగంతో వెళ్లి, చక్రం జారకుండా బ్రేకు పట్టి నడక వేగానికి తెచ్చి వదలడం ఇరవై సార్లు చేస్తే ప్యాడు పొర పళ్లెం మీదికి చేరి పట్టు వస్తుంది. ఇక ముందు చైను నూనెను స్ప్రేగా కాక, సీసా నుంచి ఒక్కొక్క లంకెకు ఒక్కొక్క చుక్కగా వేయండి.

రిమ్ము బ్రేకులు ఉన్నవారికి కూడా శబ్దం గురించి ఒక మాట. కీచుమనే శబ్దం కన్నా గరగరమనే శబ్దానికి ఎక్కువ భయపడాలి. రబ్బరును విప్పి వెలుతురులో పట్టుకుంటే, నల్లటి తలంలో వెండి రేణువుల్లాంటివి అక్కడక్కడ మెరుస్తూ కనిపిస్తాయి. అవి రిమ్ము నుంచి లేచిన అల్యూమినియం తునకలు, వాటి పక్కనే ఇసుక రవ్వలు కూడా ఉంటాయి. గుండుసూదితో ఒక్కొక్కటిగా పెకలించి, తలాన్ని గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్ది మళ్లీ బిగించండి. అలా వదిలేస్తే ప్రతి బ్రేకుకూ అవి రిమ్మును ఆకురాయిలా అరగదీస్తాయి. చాలా రిమ్ముల పక్కగోడ మీద అరుగుదల తెలియడానికి ఒక సన్నని గాడి ఉంటుంది, అది కనిపించకుండా పోయిన రోజు రిమ్ము మార్చాలి.

ప్రశ్న: నేను ఎలక్ట్రిక్ సైకిలు మీద ఆహారం డెలివరీ చేస్తాను. రోజుకు 70 కిలోమీటర్ల దాకా తిరుగుతాను. రెండు వైపులా వైరు డిస్కులే. వైరు ఎంత బిగించినా వారం తిరిగేసరికి లీవరు మళ్లీ హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది.
– ఒక డెలివరీ కార్మికుడు, హైదరాబాద్

జవాబు: మీ బ్రేకుల మీద పడే భారం మామూలు సైకిలుతో పోల్చదగ్గది కాదు. రిజిస్ట్రేషన్ అవసరం లేని ఎలక్ట్రిక్ సైకిలుకు నిబంధనల ప్రకారం 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉండాలి. ఆ వేగం తక్కువగానే కనిపించవచ్చు, కానీ మామూలు సైకిలు 15 కిలోమీటర్ల వేగంతో వెళుతున్నప్పుడు ఆపవలసిన శక్తికి ఇది దాదాపు మూడింతలు. దాని మీద బ్యాటరీ, మోటారు, సంచి బరువులు అదనం. ట్రాఫిక్కులో మీరు రోజుకు కొన్ని వందల సార్లు బ్రేకు పడతారు. ప్యాడ్లు త్వరగా అరగడం సహజమే.

మీ ఇబ్బందికి కారణం వైరును మాత్రమే బిగిస్తూ పోవడం. మెకానికల్ డిస్కులో వైరు కదిలించే ప్యాడు ఒకటి, చక్రం వైపు కదలకుండా ఉండే ప్యాడు ఒకటి. రెండూ అరుగుతాయి. కదలని ప్యాడును పళ్లెం దగ్గరికి జరపడానికి క్యాలిపర్‌కు లోపలివైపు ఒక మర ఉంటుంది, సాధారణంగా ఆరు పలకల అలెన్ కీతో తిప్పాలి. మీరు వైరునే లాగుతూ పోతే క్యాలిపర్ చేయి ముందే సగం తిరిగిపోయి ఉంటుంది, ఇక లీవరు నొక్కినప్పుడు అది తిరగడానికి చోటు మిగలదు. వైరును మొదట వదులు చేసి, లోపలి ప్యాడును పళ్లేనికి ఒక సన్న కాగితం పట్టేంత దూరానికి తెచ్చి, ఆ తర్వాత వైరును బిగించండి. ప్యాడు మీది పదార్థం ఒక మిల్లీమీటరుకు చేరువైతే ఇంకెన్ని సర్దుబాట్లు చేసినా లాభం లేదు, మార్చెయ్యండి. పదార్థం పూర్తిగా పోతే వెనకున్న ఇనుప పలక పళ్లేన్ని కొరికేస్తుంది.

ప్యాడ్లలో రెసిన్‌వి మెత్తగా, శబ్దం లేకుండా పట్టుకుంటాయి గానీ త్వరగా అరుగుతాయి. లోహపు ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయి, తడిలో, వేడిలో నిలబడతాయి, శబ్దం కాస్త ఎక్కువ. మీ పనికి లోహపువే నయం. అయితే పళ్లెం మీద రెసిన్ ప్యాడ్లకు మాత్రమే అని ముద్రించి ఉంటే లోహపువి వేయకూడదు. వీలు చిక్కినప్పుడు ముందు చక్రానికి హైడ్రాలిక్ పెట్టించుకోండి. అందులో ప్యాడ్లు అరిగిన కొద్దీ వాటంతటవే ముందుకు జరుగుతాయి, రోజంతా లీవరు నొక్కే మీ వేళ్లకు కూడా శ్రమ తగ్గుతుంది. దాని నూనె విషయంలో ఒక హెచ్చరిక ఉంది. షిమానో, టెక్ట్రో బ్రేకులు మినరల్ నూనెతో పనిచేస్తాయి, మరికొన్ని కంపెనీల బ్రేకులు మోటారు వాహనాల్లో వాడే డాట్ ద్రవంతో పనిచేస్తాయి. ఒకదాని బదులు మరొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడై బ్రేకు మొత్తం చెడిపోతుంది.

మీ సైకిలు బ్రేకు లీవరుకు సన్నని కరెంటు వైరు ఒకటి ఉంటుంది, లీవరు తాకగానే మోటారును ఆపెయ్యడం దాని పని. రోజూ బయలుదేరే ముందు మోటారు ఉన్న చక్రాన్ని ఎత్తి తిప్పుతూ, లీవరును తేలిగ్గా నొక్కి మోటారు ఆగుతోందో లేదో చూసుకోండి. అది పనిచేయకపోతే మీ బ్రేకు ఆగడం కోసం, మోటారు పోవడం కోసం పోట్లాడుకుంటాయి.

వైరు తొడుగు గురించి నా అనుభవం ఒకటి మీకు పనికివస్తుంది. కొన్నేళ్ల కిందట ఒక దుకాణంలో నా సైకిలు ముందు బ్రేకు తొడుగు మార్పించాను. పది రోజుల తర్వాత చౌరస్తాలో ఒక పాప అడ్డంగా పరుగెత్తితే లీవరును గట్టిగా పట్టాను. ఠప్పున శబ్దం వచ్చి లీవరు హ్యాండిల్‌కు తాకింది, బ్రేకు లేదు. వెనక బ్రేకు, నా పాదాలు, ఆ పాప అదృష్టం కలిసి ఆ రోజు కాపాడాయి. విప్పి చూస్తే నాకు వేసింది గేరు తొడుగు. దాని గోడలో ఉక్కు పోగులు నిలువుగా ఉంటాయి, గేరు వైరు లాగే కొద్ది బలానికే అది పనికివస్తుంది. బ్రేకు తొడుగులో ఉక్కు తీగ స్ప్రింగులా చుట్టలు చుట్టి ఉంటుంది, అందుకే ఎంత గట్టిగా లాగినా చిట్లదు. ఎక్కడ మార్పించుకున్నా తొడుగు కొస కోసిన చోట ఆ చుట్ట కనిపిస్తోందో లేదో మీ కళ్లతో మీరే చూసుకోండి.

ప్రశ్న: అమెరికాలో ఉండే మా తమ్ముడు తాను వాడిన సైకిలును ఇచ్చాడు. దానికి ఎడమ చేతి లీవరు నొక్కితే ముందు బ్రేకు పడుతోంది. ఇది లోపమా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: లోపం కాదు. అమెరికాలో ముందు బ్రేకును ఎడమ చేతికి ఇస్తారు, మన దగ్గర మోటారు సైకిళ్లకు లాగానే కుడి చేతికి ఇస్తారు. అయినా మీరు దాన్ని మార్పించుకోవడమే మంచిది. ఇంట్లో మరో సైకిలో స్కూటరో ఉంటే, హఠాత్తుగా ఆగవలసి వచ్చినప్పుడు చేయి పాత అలవాటు ప్రకారమే పోతుంది. వైరు బ్రేకులు అయితే రెండు వైర్లనూ అటుదిటు మార్చి, అవసరమైతే తొడుగుల పొడవు సరిచేస్తే సరిపోతుంది, అరగంట పని. హైడ్రాలిక్ అయితే గొట్టాలు విప్పి, గాలి బుడగలు లేకుండా నూనెను మళ్లీ నింపాలి, కాబట్టి ఆ పని తెలిసిన మెకానిక్కుకే అప్పగించండి. మార్పించిన తర్వాత మొదటి వారం ఖాళీ వీధుల్లోనే తొక్కండి, మీతో పాటు ఇంట్లో ఆ సైకిలు తీసేవారందరికీ ఏ చేతికి ఏ బ్రేకో ఒకసారి నొక్కి చూపించండి.